తాటిచెట్టు కింద తెల్ల పంచె



తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లు తాగాడనే అంటారని మన పెద్దలు చెప్పిన సామెత. ఇది మనుషులకే కాదు, గుడ్డలకు కూడా వర్తిస్తుంది. ఒక కాలంలో గౌరవం తెచ్చిన వేషం మరొక కాలంలో అనుమానం తెస్తుంది. అందులో గుడ్డ చేసిన తప్పేమీ ఉండదు. నేసినవాడి తప్పు అంతకన్నా ఉండదు. ఎవరో కట్టుకుంటారు, ఏదో చేస్తారు, ఆ పేరు గుడ్డకు అంటుకుంటుంది. ఆ తరువాత దాన్ని ఎవరు కట్టుకున్నా అదే పేరు వాళ్ళకూ అంటుకుంటుంది. మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో ఈ గతి తెల్ల పంచెకు పట్టింది. మన మనవళ్ళకు దాని కథ తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పంచె సంగతికి వచ్చేముందు మనందరికీ తెలిసిన రెండు ఉదాహరణలు చెప్పుకుందాం.

మొదటిది గాంధీ టోపీ. సహాయ నిరాకరణ రోజుల నుంచి ఆ తెల్లటి ఖద్దరు టోపీ దేశభక్తికి గుర్తు. 1930లో శాసనోల్లంఘన సాగుతున్నప్పుడు గుంటూరులో దాని మీద నిషేధాజ్ఞలు కూడా జారీ అయ్యాయి. అంటే తల మీద మూరెడు గుడ్డ పెట్టుకోవడానికి లాఠీ దెబ్బకు సిద్ధపడాలి. స్వరాజ్యం వచ్చింది. టోపీ పెట్టుకుంటే దెబ్బలకు బదులు పదవులు రాసాగాయి. త్యాగం చేసినవారితోపాటు పర్మిట్లు కావలసినవారూ పెట్టుకున్నారు. మనం ఉద్యోగాల్లో చేరిన 1970లనాటికి ఆ టోపీ పాతకాలపు పెద్దల తలల మీద, సినిమాల్లో లంచగొండి నాయకుడి తల మీద తప్ప ఎక్కడా కనిపించలేదు. మోసపోయినవాడు నాకు టోపీ పెట్టారని చెప్పుకోవడం మన భాషలో ఉన్నదే కనుక నవ్వేవాళ్ళకు ఆ మాట కూడా కలిసి వచ్చింది. 2011లో ఢిల్లీలో అన్నా హజారే దీక్ష సమయంలో వేలమంది యువకులు ఆ టోపీని మళ్ళీ పెట్టుకున్నారు. మరుసటి సంవత్సరమే ఒక కొత్త పార్టీ పుట్టి దాన్ని తన గుర్తుగా చేసుకుంది.

రెండవది సఫారీ సూటు. 1970, 80లలో గెజిటెడ్ అధికారి అనగానే మన కళ్ళముందు మెదిలేది బూడిదరంగు సఫారీయే. పదవీ విరమణ సభలో సఫారీ గుడ్డ పెట్టి దండ వేయడం ఒక మర్యాద. క్రమేణా మంత్రుల వెనుక నడిచే గన్‌మెన్‌లు, పెద్ద సంస్థల కాపలాదారులు అదే వేషంలో కనిపించసాగారు. అధికారులు మెల్లగా మానుకున్నారు. ఇప్పుడు పెళ్ళిలో ఎవరైనా పెద్దమనిషి సఫారీతో నిలబడితే ఆయన ముందు ఏ మంత్రి ఉన్నాడోనని జనం వెతుకుతారు.

ఈ రెండింటిలోనూ ఒకే వరుస కనబడుతుంది. మొదట అధికారం ఉన్నవాడు, లేక అధికారానికి దగ్గరగా ఉన్నవాడు ఆ వేషాన్ని రోజువారీ వేషం చేసుకుంటాడు. తరువాత కథల్లో, సినిమాల్లో అది ఒక జాతి మనిషికి గుర్తుగా స్థిరపడుతుంది. ఆ తరువాత మామూలు మనుషులు మనకెందుకొచ్చిన గొడవ అని దాన్ని విడిచిపెడతారు. ఈ మూడవది జరిగేదాకా మరక పచ్చిదే, ఉతికితే పోతుంది. అది జరిగిన రోజున ఆరిపోయి గుడ్డలో కలిసిపోతుంది.

ఇక మన పంచె. మా వైపు దీన్ని పంచ అనే అంటాం. పెన్నా ఒడ్డున నల్లరేగడి, పత్తి, మగ్గం ఉన్న నేల మనది. ప్రొద్దుటూరును రెండో బొంబాయి అన్నారంటే బంగారం ఒక్కటే కారణం కాదు, పత్తి వ్యాపారం, బట్టల వ్యాపారం కూడా కారణమే. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వీధుల్లో తెల్లవారుజామున మగ్గం చప్పుడు విని నిద్రలేచినవాళ్ళం మనలో చాలామంది ఉన్నాం. 1921 సెప్టెంబరు 22న మదురైలో మహాత్ముడు నిండు దుస్తులు విడిచి కొల్లాయి కట్టారు. 1929 వేసవిలో ఖద్దరు నిధి కోసం ఆంధ్రదేశమంతా తిరిగారు. ఆ గాలితో ఊరి పంచెకు ఖద్దరు గౌరవం తోడయింది.

అయితే తెల్ల పంచె మన రైతుకు నిత్యవేషం కాదన్న సంగతి ఈ తరానికి తెలియదు. మనది వానలు మొహం చాటేసే సీమ. తెలుపు నిలవాలంటే నీళ్ళు కావాలి, చౌడో సబ్బో కావాలి, నీలిమందు, గంజి కావాలి, అన్నిటికన్నా ఉతికే మనిషి చేతుల్లో సత్తువ కావాలి. అందుచేత చేలో ముతక పంచె మోకాళ్ళపైకి ఎగ్గట్టి, చలువ పంచెను పెట్టెలో దాచేవారు. పెళ్ళికి, తిరునాళ్ళకు, కోర్టుకు, తాలూకా కచేరీకి మాత్రమే అది బయటికి వచ్చేది. జమాబందీ రోజుల్లో మా కార్యాలయం ఆవరణలో చెట్ల కింద రైతులు గుంపులుగా కూర్చునేవారు. పంచె మడతలు చూసి, ఇది పొద్దున పెట్టెలోంచి తీసిన పంచె అని చెప్పవచ్చు. ప్రభుత్వం ముందు నిలబడే రోజున తాను తక్కువవాడిని కాదని చెప్పుకోవడానికి ఆ మనిషికి ఉన్న ఒకే ఒక సాధనం అది. ఆ మడతలకు గుమాస్తాలమైన మేము కూడా మర్యాద ఇచ్చేవాళ్ళం.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ మర్యాద ఊళ్ళో అందరిదీ కాదు. తెల్ల పంచె పాదాలదాకా జార్చి కట్టుకుని పెద్ద వీధిలో నడిచే స్వేచ్ఛ కొన్ని కులాలవారికి చాలాకాలం లేదు. వాళ్ళ పిల్లలు చదువుకుని ప్యాంటు తొడిగినప్పుడు అది షోకు కాదు, విముక్తి. డాక్టర్ అంబేడ్కర్ నిండు సూటులో కనిపించడంలోని అర్థం వాళ్ళకు మనకన్నా ముందు తెలిసింది. కాబట్టి తెల్ల పంచెను చూస్తే మర్యాద గుర్తుకు వచ్చే ఇళ్ళు ఉన్నట్లే, పెత్తనం గుర్తుకు వచ్చే ఇళ్ళూ ఉన్నాయి. సినిమాలు రాకముందే దాని మీద పడిన మచ్చ ఇది. పంచెను వెనకేసుకొచ్చే నాలాంటివాళ్ళు ముందు దీన్ని ఒప్పుకోవాలి.

తెల్ల గుడ్డ రోజూ కట్టగలిగినవాడు చేలో దిగనవసరం లేనివాడు. అంటే ఊరి పెద్ద, కాంట్రాక్టరు, నాయకుడు. ఫ్యాక్షన్ కథ ఇక్కడ పంచెతో ముడిపడింది. 1800లో నిజాం మన సీమను కుంఫిణీకి దత్తం చేసినప్పుడు, మన్రో దొర కలెక్టరుగా వచ్చి పాలెగాళ్ళను అణచినప్పుడు కూడా ఊళ్ళలో కక్షలు ఉండేవి. స్వాతంత్ర్యం తరువాత వాటికి పంచాయతీ ఎన్నికలు, సారా పాటలు, గనులు, రోడ్డు పనులు తోడయ్యాయి. ఫ్యాక్షన్ అబద్ధమని నేను చెప్పను. నాటుబాంబుల శబ్దం విన్న ఊళ్ళు జమ్మలమడుగు, పులివెందుల వైపు ఉన్నాయి. బీడుపడ్డ పొలాలు, మగదిక్కు లేని ఇళ్ళు ఉన్నాయి. కాకపోతే ఆ కక్షల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది చలువ పంచెలవాళ్ళు కారు. నిక్కరుతోనో లుంగీతోనో వెనుక నడిచిన కూలీనాలీ జనం. చంపినా చచ్చినా వాళ్ళే, జైలుకు పోయినా వాళ్ళే. పంచెకు పేరొచ్చింది నాయకుడి వల్ల.

ఆ పేరును రాష్ట్రమంతా చాటింది సినిమా. 1997లో ప్రేమించుకుందాం రా, 1998లో అంతఃపురం, 1999 సంక్రాంతికి సమరసింహారెడ్డి, 2001 సంక్రాంతికి నరసింహనాయుడు, 2002లో ఆది, ఇంద్ర, చెన్నకేశవరెడ్డి, 2003లో ఒక్కడు, ఇలా వరుసగా వచ్చాయి. వీటిలో కొన్ని బ్రహ్మాండంగా ఆడాయి. ప్రొద్దుటూరు హాళ్ళలో ఈలలు వేసినవాళ్ళలో మన పిల్లలూ ఉన్నారు. సినిమావాళ్ళ ఇబ్బంది కూడా మనం అర్థం చేసుకోవాలి. తెరమీదికి వచ్చిన మనిషి ఎవడో నాలుగు క్షణాల్లో ప్రేక్షకుడికి తెలియాలి. తెల్ల చొక్కా, తెల్ల పంచె, గుబురు మీసం చూపిస్తే మాటల అవసరం ఉండదు. పైగా తెలుపు మీద నెత్తురు ఎర్రగా కనబడుతుంది. వీటికి తోడు వరుసగా దుమ్ము లేపుకుంటూ వచ్చే సుమోలు. టాటా సుమో 1994లో అంగట్లోకి వచ్చిన బండి. పదిమంది కూర్చుని పెళ్ళికి పోవడానికి, రోగిని కర్నూలుకో వేలూరుకో తీసుకుపోవడానికి మన ఊళ్ళవాళ్ళు అద్దెకు మాట్లాడుకున్న బండి. 2019లో దాని తయారీ ఆగిపోయింది. అయినా గాలిలో ఎగిరిపడే బండిగానే జనానికి గుర్తుంది.

దీనివల్ల మనకు జరిగిన నష్టం నవ్వుకుని పోయేది కాదు. నాతో పనిచేసిన ఒక మిత్రుని కుమారుడు 2002లో ఉద్యోగ ప్రయత్నానికి హైదరాబాదు వెళ్ళి ఒక ఇంట్లో గది అడిగాడు. అన్నీ కుదిరాక ఇంటాయన, ఏ ఊరు బాబూ అన్నాడు. పులివెందుల అని ఈ పిల్లవాడు చెప్పాడు. మా ఆవిడను అడిగి చెబుతానని లోపలికి పోయిన ఇంటాయన మళ్ళీ బయటికి రాలేదు. అప్పటినుంచి ఆ కుర్రవాడు ఊరడిగితే తిరుపతి దగ్గర అని చెప్పడం నేర్చుకున్నాడు. మరునెల తండ్రి చూడటానికి బయలుదేరుతుంటే ఫోన్ చేసి, నాయనా, ప్యాంటు వేసుకుని రా, పంచెతో రావద్దు అన్నాడట. మిత్రుడు ఈ మాట నాకు చెప్పి నవ్వాడు గానీ ఆ నవ్వు నవ్వు కాదు. నలభై సంవత్సరాలు ఉతికిన పంచె కట్టుకుని ఒకరి రూపాయి ముట్టకుండా బతికిన మనిషి, కొడుక్కి గది దొరకడం కోసం తన గుడ్డను దాచిపెట్టవలసి వచ్చింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్లు, ఏ తప్పూ చేయనివాళ్ళం మనమంతా భుజాల మీది తువ్వాలలు తడుముకోవలసి వచ్చింది.

ఇలాంటిది మన సీమకే పట్టిన శని అనుకోనక్కరలేదు. చార్లీ చాప్లిన్, హిట్లర్ ఇద్దరూ 1889 ఏప్రిల్‌లో నాలుగు రోజుల తేడాతో పుట్టారు. ఇద్దరిదీ ముక్కు కింద అదే బెత్తెడు మీసం. ఒకడు లోకాన్ని నవ్వించాడు, ఇంకొకడు ఏడిపించాడు. చివరకు ఏడిపించినవాడి పేరే ఆ మీసానికి మిగిలింది. లండన్‌లో బర్బెరీ అనే పాత కంపెనీకి గళ్ళ గుడ్డ ఒకటి ఉంది. సీమదొరల వానకోట్ల లోపల కుట్టే గుడ్డ అది. 2000 దాటాక ఫుట్‌బాల్ ఆటల దగ్గర అల్లరి చేసే మూకలు ఆ గళ్ళ టోపీలు పెట్టసాగాయి. కొన్ని మద్యశాలలవాళ్ళు ఆ గళ్ళు కనబడితే లోపలికి రానివ్వలేదు. 2004లో కంపెనీ ఆ టోపీనే ఆపేసింది. 1934, 35, 36 సంవత్సరాల్లో వింబుల్డన్ గెలిచిన ఫ్రెడ్ పెర్రీ పేరుమీద ఉన్న చొక్కాల కంపెనీకీ ఇదే కష్టం వచ్చింది. అమెరికాలో దౌర్జన్యానికి పేరుపడిన ఒక మితవాద ముఠా ఆ కంపెనీవారి నలుపు, పసుపు రంగుల చొక్కాను తమ యూనిఫాంగా చేసుకుంది. 2020 సెప్టెంబరులో కంపెనీ ఆ చొక్కాను అమెరికా, కెనడాల్లో అమ్మడం మానేసి, ఆ ముఠాతో తమకు సంబంధం లేదని ప్రకటన ఇచ్చింది.

కంపెనీ ఉంది కనుక ప్రకటన ఇచ్చింది. మన పంచెకు కంపెనీ లేదు. దాని తరఫున సంజాయిషీ ఇచ్చే యజమాని లేడు. పంచె అడిగేవాళ్ళు తగ్గితే ముందుగా తెలిసేది గుంతమగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషికి. ఆయన పత్రికా ప్రకటన ఇవ్వలేడు. ఇక మిగిలింది కట్టుకునేవాడు. ఆ సంజాయిషీ ఏదో కట్టుకునే మనమే ఇవ్వాలి, అదీ నోటితో కాదు, నడతతో.

అది సాధ్యమేనని మన జిల్లాలోనే చూశాం. 1949లో జమ్మలమడుగులో పుట్టి, గుల్బర్గాలో వైద్యం చదివి, జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రిగారి పేరుతో ఆసుపత్రి పెట్టి, 1978లో శాసనసభకు ఎన్నికైన వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారిని మనలో చాలామంది దగ్గరనుంచి చూశాం. ఆయన రాజకీయాలను మెచ్చినవారున్నారు, మెచ్చనివారున్నారు. ఫ్యాక్షన్ ముద్ర వేసిన ప్రత్యర్థులూ ఉన్నారు. ఆ చర్చ మన సంఘానికి తగదు. నేను చెప్పేది పంచె గురించి. 2003 ఏప్రిల్ 9న చేవెళ్ళలో బయలుదేరి ఇచ్ఛాపురం దాకా మండుటెండలో 1,400 కిలోమీటర్లకు పైగా ఆయన నడిచింది పంచెతోనే. ఆ సంవత్సరమే హాళ్ళలో ఒక్కడు ఆడుతోంది. ఒకవైపు తెర మీద పంచె కత్తి పట్టి నడుస్తుంటే, ఇంకోవైపు రోడ్డు మీద పంచె రైతు పక్కన నడిచింది. 2004 నుంచి 2009 సెప్టెంబరు 2న మరణించేదాకా ముఖ్యమంత్రిగా అదే కట్టుతో ఉన్నారు. కోస్తాలో, తెలంగాణలో పంచెకట్టు అనే మాట నవ్వుతూ, ఆప్యాయంగా వినిపించింది అప్పుడే. సినిమా కూడా మారింది. 2010లో మర్యాద రామన్న ఫ్యాక్షన్‌ను నవ్వులపాలు చేసింది. 2018లో అరవింద సమేత కక్షలు ఆపే కథ చెప్పింది.

పొరుగున తమిళనాడులో మరొక విధంగా జరిగింది. 2014 జూలైలో పంచె కట్టుకుని వెళ్ళిన హైకోర్టు న్యాయమూర్తి హరిపరంధామన్‌గారిని చెన్నైలో ఒక క్రికెట్ క్లబ్బువారు లోపలికి రానివ్వలేదు. రాష్ట్రమంతా గగ్గోలు పుట్టింది. ఆగస్టులో శాసనసభ చట్టమే చేసింది, క్లబ్బులు పంచెను అడ్డుకోకూడదని. ఆ పట్టుదలకు ఆధారం ఆ రాష్ట్రంలో మామూలు జనం పంచెను విడవకపోవడమే. విడిచిన గుడ్డకోసం ఎవరూ చట్టం చేయరు.

అయితే ఒక మరక పోతూంటే ఇంకొకటి వస్తోంది. ఇప్పుడు చలువ పంచె, తెల్ల చొక్కాతో ప్రొద్దుటూరు బస్టాండులో దిగితే, ఏ పార్టీ సామీ అంటున్నారు. భుజం మీది తువ్వాల సంగతి ఇంకా కష్టం. చెమట తుడుచుకోవడానికి, తలకు చుట్టుకోవడానికి, సంతలో శనక్కాయలు మూట కట్టుకోవడానికి ఉన్న గుడ్డ అది. పసుపు వేసుకుంటే ఒక పార్టీ, ఎరుపు వేసుకుంటే ఇంకొక పార్టీ, మూడు రంగులైతే మరొక పార్టీ. రైతుకు మిగిలిందని ఆకుపచ్చ వేసుకుంటే రైతు సంఘం నాయకుడా అంటారు. 1964 ప్రవర్తనా నియమావళి ప్రకారం మనం సర్వీసంతా ఏ పార్టీ రంగూ భుజం మీద పడకుండా కాపాడుకున్నాం. ఇప్పుడు పెన్షనరు అంగడికి పోయి తువ్వాల కొనాలన్నా రంగు చూసి కొనవలసి వస్తోంది.

ఇన్ని చూసిన తరువాత నాకు అర్థమైంది ఒక్కటే. వేషాన్ని చెడ్డవాడు కట్టుకోవడం మన చేతుల్లో లేదు. సినిమావాడు చూపించడం మన చేతుల్లో లేదు. విడిచిపెట్టడమో విడవకపోవడమో మాత్రం మన చేతుల్లో ఉంది. మంచివాళ్ళు విడిచిన గుడ్డ చెడ్డవాళ్ళకు యూనిఫాం అవుతుంది. బడిపంతులు, పోస్టుమాను, కరణం, రైతు, పూజారి, కచేరీ గుమాస్తా అందరూ కడుతున్నంతకాలం పంచె ఎవరి గుర్తూ కాదు, ఊరి గుర్తు. ఇందులో ఒకప్పుడు కట్టనివ్వనివారిని కూడా చేర్చుకుంటేనే ఆ మాట పూర్తిగా నిజమవుతుంది. ప్యాంటు వద్దని నేను అనడం లేదు. మన పిల్లలు వాళ్ళకు వీలైనది వేసుకుంటారు. కానీ పంచె కట్టిన తాతను స్నేహితులకు పరిచయం చేయడానికి మనవడు వెనుకాడకూడదు. ఊరి పేరు అడిగితే జమ్మలమడుగు, పులివెందుల అని గొంతెత్తి చెప్పాలి.

డిసెంబరు 17 మన పెన్షనర్ల దినోత్సవం. 1982లో ఆ తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో పెన్షను దయ కాదు, హక్కు అని తీర్పు చెప్పింది. ఆనాటి సమావేశానికి వీలైనవాళ్ళంతా పంచెతో రండి. మన ఊళ్ళ మగ్గం మీద నేసినదైతే మరీ మంచిది. భుజం మీద తువ్వాల ఏ రంగుదైనా ఫరవాలేదు, చెమట తుడుచుకోవడానికే కదా. కట్టడం మరిచిపోయినవారు అరగంట ముందు వస్తే కట్టు నేర్పడానికి మనలో పెద్దలు ఇంకా ఉన్నారు.